మోకాలెత్తు దిమ్మె

ఆయన ఏ భవనం కట్టినా గుమ్మం పక్కన మోకాలెత్తున ఒక సిమెంటు దిమ్మె లేవాల్సిందే. బడి కానీ, బ్యాంకు కానీ, బట్టల కొట్టు కానీ, దిమ్మె లేకుండా ఆయన చేతిలోంచి బయటపడలేదు. అందుకే ఆఫీసులో ఆయన పేరు దిమ్మె ఇంజనీరు. 'సిమెంటు దండగ మనిషి' అన్న ముద్ర వేసి, నోటిదాకా వచ్చిన పెద్ద పదవిని రెండుసార్లు లాగేసుకున్నారు. ఆయన మర్నాడే వెళ్ళి ఇంకో దిమ్మె పోయించాడు.

అదే ఆఫీసులో కొత్తగా చేరిన మేనకోడలికి తల తిరిగిపోయేది.

"మావయ్యా, ఈ దిమ్మె దేనికి?"

"గాలి దెబ్బకి."

"మరి బ్యాంకు దగ్గరిది?"

"అది చెమ్మకి."

"బ్యాంకుదే గాలికన్నావు మొన్న!"

"మొన్న గాలి ఎక్కువగా ఉందిలే. టీ తాగుతావా?"

అడిగేకొద్దీ అయోమయం పెరిగేదే కానీ తరిగేది కాదు. పైగా దిమ్మె అంచులు గుండ్రంగా తిప్పించి, పైభాగం నున్నగా పాలిష్ పట్టించేవాడు. గాలిని ఆపేదానికి పాలిష్ ఎందుకో!

ఒకరోజు సమావేశంలో ఇంజనీర్లంతా తాము చేసినవాటిలో తమకు బాగా నచ్చిన పని గురించి చెప్పుకుంటున్నారు. ఒకాయన నది మీద వంతెన అన్నాడు. ఒకావిడ కొండ తొలిచిన సొరంగం అంది. దిమ్మె ఇంజనీరు లేచి గొంతు సవరించుకుని, "ఆస్పత్రి గేటు పక్కన దిమ్మె" అన్నాడు.

"ఆస్పత్రి కూడా మీరే కట్టారు కదండీ?"

"కట్టాను. అదీ ఫర్వాలేదు."

హాలంతా గొల్లుమంది. పెద్ద ఇంజనీరు మాత్రం నవ్వలేదు.

"అమ్మాయ్, మీ మావయ్య దిమ్మెలు ఏం మోస్తున్నాయో లెక్కగట్టు. ఏమీ మోయకపోతే దిమ్మెల్ని పగలగొట్టించి, ఆయన్ని ఇంటికి పంపిద్దాం."

ఆమె లెక్కగట్టింది. సున్నా. మళ్ళీ కట్టింది. మళ్ళీ సున్నాయే. బిక్కమొహం వేసుకుని మిట్టమధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్తే, దిమ్మె మీద కూర్చున్న కాపలా మనిషి దిగ్గున లేచి నిలబడింది.

"తప్పయిపోయింది మేడమ్!"

"కూర్చోండమ్మా. మీకు కుర్చీ ఇవ్వలేదా?"

"కుర్చీ వేసుకుంటే ఉద్యోగం ఊడుతుందండీ. పొద్దుగూకేదాకా నిలబడాల్సిందే. ఇదైతే గోడలో భాగం కదా, ఎవరూ ఎత్తుకుపోలేరు."

మేనకోడలు తిన్నగా వచ్చి మావయ్య మీద పడింది. "నాకైనా చెప్పొచ్చుగా?"

"కాళ్ళు లాగుతున్నాయంటే ఎవడూ వినడమ్మా. గోడ పగులుతుందంటే అందరూ పరిగెత్తుకొస్తారు."

ఆమె ఒక కాగితం తీసుకెళ్ళి పెద్ద ఇంజనీరు ముందు పెట్టింది.

"పగలగొట్టించండి సార్. తర్వాత ఏ గోడకి ఏమైనా పూచీ మీదేనని ఇక్కడో సంతకం పెట్టండి, చాలు."

సంతకం అనగానే ఆయనకు పామును తొక్కినట్టయింది. కలం తీశాడు. మూత పెట్టాడు.

"ఇంతకీ లెక్కలో ఏం తేలింది?"

"ముందు సంతకం పెట్టండి సార్, చెబుతాను."

"ఉండనీవమ్మా, ఉండనీ. వాటి మానాన వాటిని పడి ఉండనీ!"

ఆ సాయంత్రం కొత్త బట్టల కొట్టు నక్షాలో, కౌంటరు వెనకాల, మేనకోడలే దిమ్మె గీసింది. మావయ్య కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "కాస్త వెడల్పు చెయ్యి. ఇద్దరు పడతారు."

అయ్యా, అమ్మా! దిమ్మె ఇంజనీర్లు ఊరికొకరు దొరకరు. మీరు వెళ్ళే కొట్టులోనో, మీ అపార్టుమెంటు గేటు దగ్గరో రోజంతా నిలబడే మనిషి కనిపిస్తే, కుర్చీ ఏదని యజమానిని నిలదీయండి. రూలు ఒప్పుకోదంటాడు. ఆ రూలు రాసినవాడు కూర్చునే రాసుంటాడని చెప్పండి.