నవమినాడు విప్పిన ఆయిల్ ఫిల్టరు

మా వాకిట్లో ఆ నల్లటి మడుగు చూసి, నేనేదో ఓడని ఇంటికి తెచ్చుకుని పగలగొట్టానని షెడ్డులో చెప్పుకుంటున్నారట. ఓడ కాదండీ, కారు. పైగా అది నాది కూడా కాదు. అడిగారు కాబట్టి చెబుతాను, టీ చల్లారేలోగా అయిపోతుంది.

మా ఆవిడ వరాలుకి భీమిలి చూపిస్తానని పెళ్ళయిన కొత్తలో మాటిచ్చాను. బస్సులో కాదు, కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టి, బీచి రోడ్డు మీద తీసుకెళ్తానన్నాను. ఆ మాటకిప్పుడు తొమ్మిదేళ్ళు. మల్కాపురం నుంచి భీమిలి ఎంత దూరమని? కానీ కారేదీ? నేనా, ఓడలు బాగుచేసే షెడ్డులో పన్నెండేళ్ళుగా గ్యాస్ కటింగ్ చేసుకునేవాణ్ణి. షెడ్డు జీపు తిప్పి డ్రైవింగు నేర్చుకున్నాను గానీ, జీపు గేటు దాటనివ్వరు.

ఇంతలో వరాలు వాళ్ళ అన్నయ్య సింహాచలం బావ కారు కొన్నాడు. కూర్మన్నపాలెంలో ఉంటాడు, స్టీల్ ప్లాంటు కడుతున్న చోట చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. ఈమధ్య వస్తున్న ఆ కొత్త రకం చిన్న కారు. నేను ఊరుకోకుండా, "దసరా నవమినాడు ఒక్క రోజు ఇయ్యి బావా, నీ బండికి ఆయిలు, ఫిల్టరు నాను మార్చి ఎడతాను" అన్నాను.

"నీకొచ్చేటి?" అన్నాడు బావ.

"పన్నెండేళ్ళు ఇనుముతో కాపరం సేసినోణ్ని. నన్నడుగుతావేటి?"

నవమి పొద్దున్నే కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. కొత్త ఫిల్టరు, ఆయిలు డబ్బా చేతిలో పెట్టి, "సాయంత్రం ఆరింటికి బండికి పూజ సెయ్యాల, ఆలీసం సెయ్యకు బావా" అని స్నేహితుడి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

వరాలు అప్పటికే తలంటు పోసుకుని కొత్త చీర కట్టుకుంది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. "ముందు భీమిలి ఎల్లొచ్చేద్దుం. ఒచ్చేక ఇప్పుకోండి" అంది. మీరైనా అదే చేసేవారు. నాకు మాత్రం బాకీ పని నెత్తిన పెట్టుకుని సముద్రం చూడబుద్ధి కాలేదు. ఇరవై నిమిషాల పని, మనసు తేలిక చేసుకుని వెళ్దామన్నాను.

పనిముట్ల పెట్టె కోసం లోపలికి వెళ్తే, అది అమ్మవారి ముందుంది. ఆయుధపూజ కదా. పానాలు, సుత్తులు, ఉలులు అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పువ్వులేసేసింది వరాలు. రేపు దశమి దాకా ముట్టుకోవడానికి వీల్లేదు. ఒక్క సుత్తి తీసుకుంటానన్నాను. నావైపు చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

సరే, కారు డిక్కీలో ఒక పానా దొరికింది. దానితో ఇంజను కింద నట్టు విప్పి, పాత బేసిన్లోకి ఆయిలు వదిలేశాను. అది కారేదాకా కారు కిందే వెల్లకిలా పడుకున్నాను. యారాడ కొండ మీంచి చల్లటి గాలి వస్తోంది. పోర్టులో ఏదో ఓడ కూత వేసింది. కళ్ళు మూతలు పడ్డాయి. కారులో పోతున్నాం. వరాలు కిటికీ లోంచి చెయ్యి బయటికి పెట్టింది, గాజులు గలగలమంటున్నాయి. రోడ్డు మీద మేం తప్ప ఇంకెవరూ లేరు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చెవిలో వెచ్చగా ఆయిలు చుక్క పడితే లేచాను. పదకొండయింది.

ఇక ఫిల్టరు. కొబ్బరికాయంత రేకు డబ్బా, చేత్తో తిప్పితే ఊడిరావాలి. తిప్పాను, రాలేదు. తువ్వాలు చుట్టి తిప్పాను. రాలేదు. నా నడుం బెల్టు దానికి చుట్టి, వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి మెలేశాను. డబ్బా సొట్టపడింది గానీ కదల్లేదు.

అప్పుడు నా పన్నెండేళ్ళ సర్వీసు పనిచేసింది. మా షెడ్డులో గ్యాస్ బండకి ఉల్టా మర ఉంటుంది. ఆక్సిజన్ గొట్టం పొరపాటున దానికి బిగించకుండా అలా చేస్తారు. అందరూ విప్పే వైపు తిప్పితే అది బిగుస్తుంది. ఈ కారు కూడా కొత్త రకం కదా, ఇదీ ఉల్టా మరే అయ్యుంటుందని తేల్చుకున్నాను. మామూలు మెకానిక్కయితే ఈ సంగతి తట్టదని నాలో నేనే మురిసిపోయాను కూడా. బెల్టు ఇటునుంచి అటు చుట్టి, కాళ్ళు చక్రానికి తన్నిపెట్టి, ఒంట్లో బలమంతా పెట్టి రెండో వైపుకి తిప్పాను. కిర్రుమని పావు చుట్టు తిరిగింది.

"కదిలింది వరాలూ" అన్నాను కింద నుంచి.

ఆవిడ వంగి చూసింది. "అటు తిప్పితే బిగుసుద్ది కదేటండి? ఏ సీసా మూతైనా ఇటే కదా తిప్పుతాం."

"నీకు గ్యాస్ బండ సంగతి తెలీదు, ఊరుకో."

ఇంకో పావు చుట్టు తిప్పాక అది మళ్ళీ కదల్లేదు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? కుంపటి కెలికే ఇనప చువ్వ తెచ్చి ఆ డబ్బా ఒంట్లోకి అడ్డంగా పొడిచాను. చువ్వ పట్టుకుని తిప్పుదామని. డబ్బా చిరిగింది. లోపలున్న నల్లటి ఆయిలు మొహం మీద, నోట్లో, చంకల్లో పడింది. కళ్ళు తుడుచుకుని కొత్త ఫిల్టరు తెచ్చి దాని మర చూశాను. సీసా మూత మరే.

ఈ కుస్తీలోనే నాలుగున్నరయింది. రేకు పీలికలైంది గానీ అడుగుబిళ్ళ ఇంజనుకే అతుక్కుంది. దాన్ని ఉలితో కొడితే తప్ప రాదు, ఉలి అమ్మవారి దగ్గరుంది. కారు కింద నుంచి బయటికొస్తే, అరుగు మీద వరాలు పొద్దుటి చీరలోనే కూర్చుని ఉంది. తల్లో పువ్వులు వాడిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే చెబుతున్నాను.

ఆవిడ లేచొచ్చి, కారు ముందు తలుపు తీసి ఎడమ సీట్లో కూర్చుంది. "రండి. మల్లీ ఎప్పుడు కూకుంటామో" అంది. సీటు మీద పాత లుంగీ పరుచుకుని పక్కన కూర్చున్నాను. అద్దం దింపి అడిగింది.

"ఇప్పుడెక్కడున్నాం?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టీరింగు పట్టుకున్నాను. "టౌను దాటేసేం. బీచి రోడ్డెక్కేం."

"సముద్రం మీ వైపుందేటి?"

"ఎల్లినప్పుడు నా వైపు, ఒచ్చినప్పుడు నీ వైపు."

"రుషికొండ కాడ కాసేపు ఆపండి."

నేను హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి కిటికీ బయటికి పెట్టింది. ఆ తర్వాత తాటితోపులు దాటాం, జీడితోటలు దాటాం. భీమిలిలో పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి, వరాలు చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. నా ముక్కుకి ఉప్పు వాసన తగిలింది. ఒట్టు.

తిరుగు ప్రయాణంలో సగం దూరంలో ఉండగా సింహాచలం బావ పూలదండా గుమ్మడికాయా పట్టుకుని వచ్చాడు. మడుగు చూశాడు. బేసిను చూశాడు. వంగి కారు కిందికి చూశాడు. లేచి, ముందు సీట్లో కూర్చున్న మా ఇద్దరినీ చూసి మెల్లగా అడిగాడు.

"భీమిలి ఎల్లేరేటి?"

"ఎల్లొచ్చేం అన్నియ్యా" అంది వరాలు. "మీ బావ ఎంత బాగా నడిపేరో. ఎక్కడా ఒక్క కుదుపు లేదు."

పన్నెండేళ్ళ సర్వీసులో నా పనిని ఇంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. అదీ నేను ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న ఆ ఒక్క గంటకి.