కొర్రీ బాబాయి

బాబాయి చేతికి చిక్కి కొర్రీ పడకుండా బయటపడ్డ కాగితం ఈ భూమ్మీద లేదు. బాబాయి అంటే నాకు చుట్టమేమీ కాదు, నగరపాలక కార్యాలయంలో నా పక్క కుర్చీ గుమాస్తా. ఇక కొర్రీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: దరఖాస్తులో ఏదో ఒక లోపం పట్టి, "ఇది సరిచేసుకుని రేపు రండి" అని వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిప్పి పంపడం. ఈయన తన పెళ్ళి శుభలేఖకే మూడు కొర్రీలు పెట్టాడనీ, మామగారు రెండోసారి అచ్చు వేయించాక గానీ పెళ్ళికి ఒప్పుకోలేదనీ ఆఫీసులో చెప్పుకుంటారు. నేను నమ్ముతాను.

మాది వృద్ధుల సహాయ విభాగం. ఊళ్ళో పెద్దవాళ్ళకి బస్సు పాసులూ, వినికిడి యంత్రాలూ, చేతికర్రలూ ఇచ్చేది మేమే. ఇంత పుణ్యం చేసే విభాగాన్ని మావాళ్ళు మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్టు లేదా అంటే ఉంది. ప్రారంభోత్సవం నాడు మేయరుగారిని తీసుకుని పైకి వెళ్ళింది, మళ్ళీ కిందికి రాలేదు. మేయరుగారు మెట్లు దిగి వెళ్ళారు. మూడంతస్తులు ఎక్కగలిగినవాళ్ళకి చేతికర్ర అక్కర్లేదు, ఎక్కలేనివాళ్ళకి అందదు. ఆ ఏడాది చేతికర్రలన్నీ మిగిలిపోతే, నగరంలో వృద్ధుల ఆరోగ్యం బాగా మెరుగుపడిందని నివేదికలో రాసుకున్నాం.

అప్పుడు బాబాయి మా విభాగానికే కొర్రీ పెట్టాడు. "ఉత్తర్వులో 'అందుబాటులో ఉండవలెను' అని ఉంది. మూడో అంతస్తు అని ఎక్కడుంది, చూపించండి" అని పై అధికారులని అడిగి, వాళ్ళు వెతుక్కుంటూ ఉండగానే బల్ల మోసుకొచ్చి కింద మెట్ల కింద వేసుకున్నాడు. నన్నూ లాక్కొచ్చాడు. పైనుంచి ఎవరు దిగినా వాళ్ళ కాళ్ళ దుమ్మంతా నా నెత్తినే. ఆయనకి మెట్లెక్కడానికి బద్ధకమని నేను ఆ రోజే తేల్చేశాను.

ఓ రోజు ముసలి దర్జీ ఒకాయన ఫోటో అంటించిన దరఖాస్తు తెచ్చాడు. బాబాయి దాన్ని కళ్ళకి ఆనించుకుని చూశాడు.

"ఇందులో మీరు నవ్వుతున్నారు."

"నవ్వకూడదా బాబూ?"

"నవ్వచ్చు. ఎందుకు నవ్వారో రాయలేదు. రేపు రండి."

మర్నాడు దర్జీ మొహం మాడ్చుకున్న ఫోటో తెచ్చాడు. "నిన్న బాగానే ఉన్నారుగా, ఇంతలో ఏమైంది?" అని బాబాయి కుర్చీ చూపించాడు. ఏమైందో ఆయన గంటసేపు చెప్పాడు. కోడలి దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా చెప్పాడు. ఆవలించీ ఆవలించీ నా దవడలు నొప్పెట్టాయి.

అందరిలోకీ గట్టి మనిషి నర్సమ్మగారు. పెద్దాసుపత్రిలో నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన డెబ్భై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి. బస్సు పాసు కొత్త ఏడాదికి మార్పించుకోవడానికి వచ్చింది. పాత పాసుకి ఇంకా నెలన్నర గడువుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆవిడ తిరిగిన తిరుగుడుకి చెప్పులు అరిగిపోయేవి. రోజూ సరిగ్గా పదిన్నరకి వచ్చేది, బాబాయిని దులిపేసేది.

"ఏమయ్యా, ఇవాళేం తప్పు పుట్టించావు?"

"మీ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయలేదు నర్సమ్మగారూ."

"బస్సు పాసుకి నా ఇంటి తాళమెందుకు? బస్సు తెచ్చి మా ఇంట్లో పెడతావా?"

"నిబంధన."

"నీ నిబంధన నిప్పుల్లో పడ! వీధి చివర ఇస్త్రీ అతని దగ్గరుంది. రాసుకో."

మరో రోజు ఎన్నింటికి లేస్తారని కొర్రీ. ఇంకో రోజు ఏ మోకాలు నొప్పి, కుడిదా ఎడమదా అని కొర్రీ. దరఖాస్తులో అలాంటి గడులే లేవు. ఈయన అంచుల్లో చీమలు పాకినట్టు రాసుకునేవాడు. ఇలా పదకొండు రోజులు గడిచాయి. నేను పుస్తకంలో మొహం దాచుకుని నవ్వుకునేదాన్ని. ఆఫీసంతా నవ్వేది.

అయితే ఒకనాడు నాకు నవ్వు పోయి ఒళ్ళు మండింది. కొడుకునో కూతురినో, కనీసం మొగుణ్ణో వెంటబెట్టుకొచ్చిన వాళ్ళ పని బాబాయి రెండు నిమిషాల్లో చేసి పంపేస్తున్నాడు. ఒంటరిగా వచ్చినవాళ్ళనే తిప్పుతున్నాడు. దగ్గరుండి వారం రోజులు గమనించాను. ఒక్క పొల్లు పోలేదు. అడిగేవాళ్ళు లేనివాళ్ళంటే ఇంత అలుసా! నా నోరు ఎలాగూ మంచిది కాదు, చేతులూ ఊరుకోలేదు. కొత్తగా వచ్చిన కమిషనర్ గారికి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పడేశాను.

ఆ కమిషనర్ గారికి వేగమంటే ప్రాణం. వచ్చీరాగానే "ఒక్కరోజు సేవ" అని గోడంత బోర్డు పెట్టించారు. నా ఫిర్యాదు చదివి బాబాయిని పిలిపించి చెప్పారు: "సోమవారం పదకొండింటికి నేనే వస్తాను. తేలని దరఖాస్తు ఒక్కటి కనపడినా మీరు సస్పెండ్."

బాబాయికి రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. నాకు లోపల కొంచెం గుచ్చుకుంది గానీ, తగిన శాస్తే అని సర్దిచెప్పుకున్నాను.

సోమవారం పదిన్నరైంది. నర్సమ్మగారు రాలేదు. పదీ ముప్పావైంది. బాబాయి లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు.

"ఆవిడ రాలేదమ్మాయ్."

"మంచిదేగా బాబాయ్, ఒక తిట్ల పురాణం తప్పింది. ముందు ఆ దరఖాస్తుల సంగతి చూడండి. కమిషనర్ గారొచ్చే వేళైంది."

"తిట్టడానికి ఆలస్యంగా వచ్చే మనిషి కాదే ఆవిడ" అని ఆవిడ దరఖాస్తు చేతిలోకి తీసుకున్నాడు. "లే, నువ్వూ రా. ఆడమనిషి ఉండాలి."

సరిగ్గా గుమ్మంలో కమిషనర్ గారు, వెనక నలుగురు అధికారులు. బాబాయి డ్రాయరు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "అన్నీ అందులోనే ఉన్నాయి, చూసుకోండి సార్. నాకు పనుంది" అని ఆటో ఆపాడు. ఆటోలో ఉద్యోగం పోతుందని నేను ఏడుస్తుంటే, ఆయన దరఖాస్తు అంచులు చదువుకుంటున్నాడు. 'ఆరింటికి లేస్తారు. ఎడమ మోకాలు. స్నానాలగది గడప ఎత్తు. తాళం ఇస్త్రీ అతని దగ్గర.'

ఇస్త్రీ అతను తాళంచెవితో పరుగెత్తుకొచ్చాడు. నర్సమ్మగారు స్నానాలగది గడప దగ్గర పడి ఉంది. ఉదయం ఆరింటి నుంచీ అలాగే, తుంటి ఎముక విరిగి. నేను కెవ్వుమన్నాను. ఆవిడ నెమ్మదిగా కళ్ళు తెరిచి బాబాయిని చూసింది.

"వచ్చావా? ఇంటి మీదికే వచ్చావన్నమాట. ముందు ఆ పిల్ల అరుపులు ఆపించు. నా తుంటి కదపకండి, తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి ఎత్తండి."

నలభై ఏళ్ళ నర్సు కదా! పడి ఉండి కూడా మా ముగ్గురినీ డ్యూటీకి వేసింది.

ఆసుపత్రిలో చేర్పించి ఆఫీసుకి తిరిగొచ్చేసరికి కమిషనర్ గారు మెట్ల కింద నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. నెత్తిన దుమ్ము. డ్రాయరు తెరిచి ఉంది. తేలని దరఖాస్తు అందులో ఒక్కటీ లేదట! ప్రతి పాసూ, ప్రతి కార్డూ మనిషి మొట్టమొదట వచ్చిన రోజు తేదీతోనే సంతకమై, ముద్రపడి సిద్ధంగా ఉంది. కొర్రీలన్నీ ఉత్తుత్తివి. ఒంటరివాళ్ళకి రేపు బయల్దేరి రావడానికో పని, రాకపోతే ఎందుకు రాలేదని చూడటానికి ఊళ్ళో ఒక మనిషి. అంతే. నా నాలుగు పేజీల ఫిర్యాదు గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కమిషనర్ గారు అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు: ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళందరికీ మా విభాగం నుంచి రోజూ ఉదయం ఫోను చేయవలెను. బాబాయి దాన్ని రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చేశాడు.

"ఫోను ఎత్తకపోతే ఎవరు వెళ్ళాలో ఇందులో లేదు సార్."

కమిషనర్ గారు నోరు మూసుకుని సరిచేయించారు.

నాలుగో రోజు నేను నర్సమ్మగారిని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. కొత్త పాసు ఆవిడ చేతిలో పెట్టి, "మామ్మగారూ, ఇది మొదటిరోజే అయిపోయిందండీ. బాబాయి కావాలనే తిప్పాడు" అని అసలు సంగతంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. పాసు వైపు చూడనైనా చూడలేదు.

"నాకు తెలుసే. రెండో రోజే డ్రాయరు తీసినప్పుడు నా ఫోటోతో, ముద్రతో కొత్త పాసు కనపడింది."

"తెలిసీ అన్ని రోజులు వచ్చారా? రెండు బస్సులు మారి?"

"మరేం చేయను? ఆ పెద్దమనిషితో మీ ఆఫీసులో ఒక్కరైనా మాట్లాడతారా? వెనకాల నవ్వుకోవడమే గానీ! పక్కనే కూర్చునే దానివి, నువ్వే గోడ వైపు తిరిగి అన్నం తింటావు. పాపం, రోజంతా నోరు కట్టేసుకుని ఎలా ఉంటాడు? నేను వెళ్ళి నాలుగు తిడితే ఆయనకీ కాస్త పొద్దు గడుస్తుందని వచ్చేదాన్ని."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి గొంతు తగ్గించింది.

"ఇదిగో, ఈ సంగతి ఆయనతో అనకు. నన్ను తనే కనిపెట్టుకుని ఉన్నాననుకుని మురిసిపోతున్నాడు."

నేను అనలేదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం కుర్చీ ఇటు తిప్పుకుని, నా క్యారియరు బాబాయి బల్ల మీద విప్పాను. ఆయన అనుమానంగా నన్ను చూసి, కూర ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు చాలలేదన్నాడు. గిన్నె మాత్రం ఖాళీ చేశాడు.