మాస్టారింటి ఇత్తడి గిన్నెలు

చింతపండూ బూడిదా కలిసిన వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిన్న పక్కింటావిడ ఇత్తడి బిందె తోముతుంటే లేచి కిటికీ మూసేశాను.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, బందరులో ఆరో క్లాసు చదువుతూ సాయంత్రాలు ఇంగ్లీషు ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. మాస్టారింట్లో అంట్లు తోమడం ఆడపిల్లల పని. ఉన్నది ఇద్దరమే, నేనూ ఫాతిమా. మగపిల్లలు అరుగు మీద కూర్చుని "ఫైట్, ఫాట్, ఫాట్" అని అరుస్తుంటే, మేం పెరట్లో గిన్నెలు తోముతూ వాళ్ళతో పాటే అరిచేవాళ్ళం.

ఒకరోజు మాస్టారు అందర్నీ అరుగు మీదికి పిలిచి, ‘అపోజ్’ అంటే ఎదిరించడమని చెప్పి, తలా ఒక సొంత వాక్యం చెప్పమన్నారు. మా నాన్న గుమాస్తా. ఆఫీసరు ఇంగ్లీషులో ఒక్క మాటంటే చాలు, నాన్న లేచి నిలబడడం నేను చూశాను. ఇంగ్లీషులో చెబితే ఎవరైనా వినాల్సిందేనని నా నమ్మకం. నా వంతు రాగానే లేచి గట్టిగా అన్నాను.

"ఐ అపోజ్ వాషింగ్ యువర్ వెసల్స్, సర్."

ఫాతిమా నా గౌను పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు.

"భేష్! ఒక్క తప్పు లేదు. విన్నార్రా? వాక్యమంటే అలా ఉండాలి!" అన్నారు మాస్టారు మురిసిపోతూ. మగపిల్లల చేత చప్పట్లు కూడా కొట్టించారు.

ఆ తర్వాత మా ఇద్దరి వైపు తిరిగి, "ఇక వెళ్ళండమ్మా, చీకటి పడకముందే ఆ గిన్నెలు కానిచ్చెయ్యండి" అన్నారు.

కొట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని. మెచ్చుకున్నాడు.