నవ్విందా, బిడ్డా?

మా తెలుగు సార్ పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. వేల్పూర్ నుంచి ఆర్మూర్‌లో కాలేజీకి వస్తున్నాను. మార్కెట్ యార్డు ముందు పసుపు బస్తాల లారీలు అడ్డం నిలబడి బస్సు కదలడం లేదు. అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద మేడం నంబరు. సార్ భార్యను విద్యార్థులమంతా మేడం అనే పిలుస్తాం. ఆమె తానుగా నాకు ఎన్నడూ ఫోన్ చేయలేదు. చేసేది ఎప్పుడూ సారే.

"బిడ్డా, మీ సార్ పొద్దుగాల లేవలేదు," అన్నారు మేడం. తర్వాత, "ఆగమాగం ఉరికి రాకు. పైలంగ రా," అన్నారు.

అక్కడే దిగి లారీల సందుల్లోంచి నడిచాను. సంచిలో సార్ రాసిన నవల ఆఖరి అధ్యాయం ఉంది. వచ్చే ఆదివారం మేడంకు చదివి వినిపించమని ఇచ్చారు. ఇప్పుడు దాన్ని ఏం చేయాలి? దారి పొడుగునా అదే ఆలోచన. మనిషి పోయినప్పుడు కాయితాల గురించి ఆలోచిస్తున్నానేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. అయినా ఆ ఆలోచన వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పాలంటే ఆ నవల సంగతి చెప్పాలి.

సార్ జూనియర్ కాలేజీలో మాకు తెలుగు చెప్పారు. ఇంట్లో కూర్చుని వ్యాసాలు రాసేవారు. అన్నీ బరువైనవే. "మీ సార్ రాసింది సమజ్ గావాలంటె పక్కన ఇంకో సార్ గావాలె," అని మేడం మాతో అనేవారు, సార్‌కు వినబడేలాగే.

మేడంకు మధ్యాహ్నం భోజనం అయ్యాక టీవీలో వంటలు చూడటం అలవాటు. రెండు చానళ్లలో ఒకే వేళకు రెండు కార్యక్రమాలు వచ్చేవి. ఒకదాంట్లో ఒకామె, రెండోదాంట్లో ఒకాయన. ఇక్కడ ఆవాలు చిటపటలాడుతుంటే అక్కడికి, అక్కడ ఉల్లిగడ్డ వేగుతుంటే ఇక్కడికి రిమోట్ తిరిగేది. "ఆమె ఉప్పు సూడకనే దించింది. గీయనకు మూకుడు మీద కంటె మీసం మీదనే సోయి," అంటూ ఇద్దరినీ మందలించేవారు.

ఒకరోజు సార్ పేపర్ వెనక నుంచి, "గా ఇద్దరికి పెండ్లి జేస్తె ఎట్లుంటది?" అన్నారు.

"జెయ్యి. నువ్వు జేసిన పెండ్లిల ఎవలన్న నవ్వితె గద," అన్నారు మేడం.

నేను అప్పుడు అక్కడే ఉన్నాను, తీసుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లి. సార్ పేపర్ మడిచి పక్కన పెట్టారు. ఆ మాట ఆయనకు ఎంత లోతుగా తగిలిందో మరుసటి వారం తెలిసింది. ఒక ప్రేమ నవల మొదలుపెట్టారు. తేలికైన నవల, నవ్వించే నవల. అందులో రాజమణి అనే ఆర్మూర్ పిల్లకూ, సముద్రం పక్క ఊరి నుంచి వచ్చిన ఒక వంటగాడికీ టీవీలో పోటీ. ఆమె అతని పులుసును చింతపండు చెరువు అంటుంది. అతను ఆమె పప్పును పసుపు ముద్ద అంటాడు. ఇద్దరి సెట్లకూ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. ఒకరోజు ఆమెకు పోపులోకి కల్యామాకు అయిపోతే గోడ మీద నుంచి ఒక కరివేపాకు రెమ్మ ఊడిపడుతుంది. ఎవరు వేశారో చూసేవాళ్లందరికీ తెలుసు. అతను మాత్రం కెమెరా వైపు చూసి, "మేము పోటీదారులకు ఆకు కూడా ఇవ్వం," అంటాడు.

సార్ చేత్తో రాసిన పేజీలను ఫోన్‌లో టైపు చేయడం నా పని. దానితో పాటు ఇంకో పని అప్పగించారు. అటువంటి పని ప్రపంచంలో మరెవరికీ ఉండదనుకుంటాను.

"ఆదివారం నేను ఆమెకు చదివి వినిపిస్త. చదివేటప్పుడు ఆమె మొకం నాకు కనబడది, కండ్లద్దాలు కాయితం మీదుంటయి. నువ్వు ఎదురుంగ కూసొని సూడాలె. నవ్విందా, లేదా. గంతే," అన్నారు. నేను తల ఊపాక వేలెత్తి, "అబద్ధం జెప్పకు. నాకు తెలిసిపోతది," అన్నారు.

ప్రతి ఆదివారం మేడం కుర్చీకి ఎదురుగా చాప మీద కూర్చునేదాన్ని. నాకే నవ్వు ఆగేది కాదు. మేడం మాత్రం పప్పులో రాళ్లేరుతూ, లేదా చింతపండు గింజలు తీస్తూ వినేవారు. పెదవులు బిగబట్టి ఉండేవి. సరిగ్గా మంచి చోటు వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసేవారు. గర్రుమనే ఆ చప్పుడులో సార్ గొంతు మునిగిపోయేది. ఆయన వేలు వాక్యం మీదే పెట్టుకుని, మిక్సీ ఆగేదాకా ఎదురుచూసేవారు. ఆగాక మళ్లీ చదివేవారు, ఇంకా చిన్న గొంతుతో.

నేను చెప్పులు వేసుకుంటుంటే గేటు దాకా వచ్చి అడిగేవారు. "నవ్విందా, బిడ్డా?"

"లేదు సార్."

"పెదవులన్న కదిలినయా?"

"మిక్సీ ఏసుకున్నరు సార్."

"గంత బోరు గొట్టిందా," అని తనలో తాను అనుకుని, ఆ అధ్యాయం మళ్లీ మొదటి నుంచి రాసేవారు. "పరీక్ష పేపర్ దిద్దుడు అల్కటి పని. ఎన్నిటికి పాసో ముందే తెలుస్తది. మనిషిని నవ్వించుడుల పాస్ మార్కులెన్నో ఎవలకెరుక," అనేవారు.

మళ్లీ రాసే ముందు మాత్రం వంటింటి గడపలో నిలబడేవారు. పోపు ముందా, పప్పు ముందా? ఎసరు అంటే ఎంత? మేడం వెనక్కి తిరగకుండానే చెప్పేవారు. ఇద్దరికీ పేచీ ఒక్క పసుపు దగ్గరే. నవలలో రాజమణి ఏ కూరలోనైనా గుప్పెడు పసుపు వేసేది. "గుప్పెడేంది? చిటికెడు రాయి," అని మేడం ప్రతి వారం అనేవారు. "ఆర్మూర్ల పుట్టినోడు చిటికెడు అని రాస్తె యార్డుల తలెత్తుకొని తిరుగుతడా?" అని సార్ దిద్దేవారు కాదు.

నాకు ఆ పేచీ వల్లే ఒక పిచ్చి పట్టింది. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. చేతులతో కొలిచే మాటలన్నీ ఏరుకుని బస్సులో పైకే అనుకునేదాన్ని. సార్‌తో చెబితే మురిసిపోయి, "పెద్ద మాట రాసే ముందు చేతికందే మాట ఉన్నదేమో సూసుకో," అన్నారు. ఆయన చెప్పిన పాఠాలన్నిటిలో నాకు మిగిలింది అది.

ఒకసారి సార్ లేనప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మేడం, కథ బాగలేదా?"

మేడం చాటలోంచి తల ఎత్తలేదు. "పెండ్లయిన కొత్తల నాకు జరమొచ్చింది. గీయన పప్పు ఒండిండు. గుప్పెడు పసుపు. పప్పు పసుపుగ, గంటె పసుపుగ, గోడ గూడ పసుపుగ."

"తిన్నరా మరి?"

మేడం లేచి వెళ్లి మిక్సీ వేశారు.

తర్వాత సార్‌కు గుండె జబ్బు వచ్చింది. నిజామాబాద్ దవాఖానలో ఉండి వచ్చాక గట్టిగా చదివితే ఆయాసపడేవారు. అందుకని చదవడం కూడా నాకే వచ్చింది. అయితే ఆయన ఎదురుగా కూర్చుని మేడం ముఖం చూడొచ్చు కదా? చూడలేకపోయారు. నేను మొదటి వాక్యం మొదలుపెట్టగానే, "నల్ల వచ్చినట్టున్నది," అంటూ వాకిట్లోకి వెళ్లి బిందె పట్టేవారు. బిందె నిండి పొర్లుతూ ఉండేది. ఆయన చెవి మాత్రం ఇంటి వైపే ఉండేది.

అప్పటి నుంచి నా ఆదివారాలు భయంగా గడిచాయి. నా నోటితో లేదు అన్న ప్రతిసారీ ఆయన నల్ల కట్టేసి, బిందె పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడేవారు. ఆ క్షణంలో ఆయన గుండెలో ఏమవుతుందోనని ఆయన ముఖమే చూసేదాన్ని. బస్సులో వస్తూ, ఈ వారమైనా ఆమె నవ్వాలి అని కోరుకునేదాన్ని. రాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. అబద్ధం చెబుదామా అనుకుని, ఆయన ఎత్తిన వేలు గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

ఇంకో భయం కూడా ఉంది. నవల అచ్చు వేయించాలంటే సార్‌ది ఒకటే షరతు. "ఆమె నవ్వాలె. ఇంట్ల ఒక్కతిని నవ్వించలేనోడు ఊరందరినేం నవ్విస్తడు?" ఆఖరి అధ్యాయం నా చేతిలో పెడుతూ, "దీనికి గూడ నవ్వకుంటె కాయితాలు నీ దగ్గర్నే ఉంచుకో. నా మీద జాలితోని అచ్చుకియ్యకు," అన్నారు.

ఆదివారం రాకముందే ఆయన పోయారు.

ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. వాడకట్టు వాళ్లు వంతులు వేసుకుని అన్నం, పప్పు తెచ్చేవారు. పెండ్లి వంటల రుచి చూడ్డానికి ఊరివాళ్లు పిలుచుకుపోయే మేడం, ఎవరో తెచ్చిన టిఫిన్ గిన్నె ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండేవారు. నేను రోజూ కాలేజీ అయ్యాక వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. సంచిలో కాయితాలు ఉండేవి. తీసేదాన్ని కాదు. మేడం నవ్వకపోతే సార్ ఓడిపోయినట్టే, ఇక దిద్దుకునే వీలు లేదు. నవ్వితే చావింట్లో నవ్వు వినబడిందని లోకం ఏమంటుంది? రెంటికీ నాకు భయమే.

ఆదివారం నాడు మేడమే అడిగారు. "తెచ్చినవా?"

సార్ వాళ్ల అక్క గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "ఏం తెచ్చుడు?"

"మీ తమ్ముడు రాసిన కథ, వదినా."

"దినాలన్న కాలేదు. చావింట్ల కథలేంది? ఎవలన్న ఇంటె నవ్విపోతరు," అంది ఆమె.

"నవ్వాల్నని రాసిండు, నవ్వనీ," అన్నారు మేడం. నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి తన కుర్చీలో కూర్చున్నారు. నేను చాప మీద నా చోట్లో కూర్చున్నాను. వాకిట్లో నల్ల చప్పుడు లేదు.

చదవడం మొదలుపెట్టాను. టీవీలో ఆఖరి పోటీ. ఇద్దరినీ ఒకే వంటింట్లో నిలబెట్టారు. ఊరంతా చూస్తోంది. రాజమణిని మెప్పించాలని ఆ సముద్రపు ఊరి పిల్లాడు ఆమె లాగే పప్పు వండబోతాడు. చెయ్యి జారి, గుప్పెడు మీద ఇంకో గుప్పెడు పసుపు కుండలో పడిపోతుంది. రుచి చూసిన పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మంచినీళ్లు అడుగుతారు. పండ్లు పచ్చబడిన ఒకాయన కెమెరాకు నోరు చూపనంటాడు. రాజమణి మాత్రం గిన్నె మొత్తం ఊడ్చి తింటుంది. ఎలా ఉందని అడిగితే చెబుతుంది. "చేదుగున్నది. దినాం గిదే పెడ్తనంటె దినాం తింట."

తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో మిక్సీ గర్రుమంది.

అయిపోయింది అనుకున్నాను. ఆయన ఆఖరి పేజీకి కూడా దొరికింది ఇదేనా? కాయితాలు మడిచి సంచిలో పెట్టాను. తర్వాత ఒక సంగతి తోచింది. పొయ్యే వెలగని ఇంట్లో ఆమె ఏం రుబ్బుతున్నట్టు?

లోపలికి వెళ్లాను. తుడిచిపెట్టిన పొయ్యి చల్లగా ఉంది. మిక్సీ జార్‌లో ఏమీ లేదు. ఖాళీ బ్లేడు తిరుగుతోంది. మేడం ఒక చెయ్యి మూత మీద పెట్టి, ఇంకో చేత్తో కొంగు నోటికి అదిమి పట్టుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నారని దగ్గరికి పరిగెత్తాను. కళ్లలో నీళ్లు ఉన్న మాట నిజమే. కానీ ఆమె నవ్వుతున్నారు, ఊపిరి అందనంతగా.

"గా మాట నాదే, బిడ్డా," అన్నారు నా చెవి దగ్గర, ఆ చప్పుడులోనే. "జరంల గా పప్పు దింటా నేనన్న మాట. ఇన్నేండ్లు దాసుకొని టీవీల పెట్టిండు సూడు."

"మేడం, ప్రతి ఆదివారం మీరు మిక్సీ…"

"మరేం జెయ్యాలె? నవ్వు ఆగకపోతుండె."

"సార్ ఎంత బాధపడ్డరో తెలుసా మేడం? ఒక్కసారన్న ఎదురుంగ నవ్వితె అయిపోతుండె గద."

"అయిపోతుండె. గదే గద," అన్నారు. నవ్వు కొంచెం తగ్గింది. "నేను నవ్విన్నంటె ఆయన పని అయిపాయె. మల్ల గా బరువు వ్యాసాలు పట్టుకొని కూసుంటడు. పెండ్లయిన కాడికెల్లి వంటింటి గడపల నిలవడి గిది ఎట్ల జేస్తరని ఎన్నడన్న అడిగిండా? గీ కథ మొదలైనంకనే అడిగిండు. ఇంకో వారం అడుగుతడు, ఇంకో వారం అడుగుతడు అనుకున్న."

ముందు గదిలోంచి సార్ వాళ్ల అక్క గొంతు వినబడింది. "ఇప్పుడు మిక్సీ ఏంది? ఎవలు ఏం రుబ్బుతున్నరక్కడ?"

మేడం మీట నొక్కి ఆపలేదు. నా భుజం మీద చెయ్యి వేసి వాకిలి వైపు తిప్పారు. "పో బిడ్డా. నల్ల కాడ జెప్పి రా. అడుగుతడు గద."

ఆ నవల ఇప్పుడు అచ్చులో ఉంది. గుప్పెడు అన్న చోట మేడం చిటికెడు అని దిద్దనివ్వలేదు. పుస్తకం వచ్చాక మీరు చదువుతారు, నవ్వుతారో లేదో మీ ఇష్టం. సార్ పాస్ అయ్యారు.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నం మనసులోంచి పోవడం లేదు. వాకిట్లోకి వచ్చి నల్ల దగ్గర నిలబడ్డాను. బిందె బోర్లించి ఉంది. దాని అంచు కింద ఇంకా కొంచెం తడి ఉంది. నవ్విందా అని అడిగే మనిషి కోసం గేటు వైపు చూశాను. లోపల మిక్సీ ఖాళీగా తిరుగుతూనే ఉంది.