బ్రౌజర్‌కి పరస్థానం

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా సూళ్లూరుపేట కిటికీలు గడగడలాడతాయి. ఆ శుక్రవారం నా గుండె చేసిన చప్పుడు ముందు అదెంత! ఊరు ఊరంతా బయటికొచ్చి చూసింది. సరే, ఊరు కాదు, మా వీధి మేక ఒక్కటి తలెత్తి చూసింది.

అప్పటికి నాకు అరవై ఆరేళ్లే, కుర్రతనం. మనవరాలు హారిక నర్సింగ్ సీటుకు మధ్యాహ్నం పన్నెండులోగా ఫీజు కట్టాలి. కంప్యూటర్‌లో నన్ను మించినవాడు లేడని కోసిన కోతల ఫలితంగా ఆ పని నా నెత్తిన పడింది. కూర్చోగానే తెర మీద ఎర్ర అక్షరాలు: మీ బ్రౌజర్ పాతబడింది, అప్‌డేట్ చేస్తేనే చెల్లింపు సురక్షితం.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. నా కుక్క రెండేళ్ల ముందునుంచే మొరుగుతోంది. నేనే రోజూ ‘తర్వాత’ అని నొక్కి దాని నోరు మూయించాను.

మా ఆవిడ సరోజ క్యాలెండర్ చూసి కేక పెట్టింది.

“పదిన్నరకి రాహుకాలం! కొత్త పని ముట్టుకోబాకండి.”

“ఎప్పుడు పోతాది?”

“పన్నెండుకి.”

“సీటూ పన్నెండుకే పోతాదిమే!”

ఇంకా అయిదు నిమిషాలుంది, నొక్కేయొచ్చు కదా అంటారు మీరు. నిజం చెప్పొద్దూ, ‘తర్వాత’ తప్ప మరో బొత్తాం నేనెరగను. ఆ మాట ఆవిడకెలా చెప్పను?

“పరస్థానం చేస్తా!” అన్నాను దర్జాగా.

ముహూర్తం దాటేలోగా సంచి పొరుగింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క కదా. సంచికి చెల్లింది ల్యాప్‌టాప్‌కి చెల్లదా? ఫోన్లు బాగుచేసే మస్తాన్ కొట్లో దాన్ని పెట్టి, “ఉండనీ, వస్తా” అని పాస్‌వర్డ్ పుస్తకం కోసం ఇంటికి పరుగెత్తాను. అది బియ్యం డబ్బా కింద దొరికేసరికి పదకొండుంబావు.

తిరిగొస్తే కొట్టు షట్టర్ దించి ఉంది! జుమ్మా నమాజుకు తయారవడానికి మస్తాన్ ఇంటికెళ్లాడట. అక్కడికీ పరుగెత్తాను. వాళ్లింటి స్నానాలగది తలుపు బాదాను.

“మస్తానూ! తాళంచెవి!”

“తలకి సబ్బుండాది పెద్దాయనా, గమ్మునుండు!”

“నీ సబ్బు నురగలో నా మనవరాలి సీటు కొట్టుకపోతాందయ్యా!”

తలుపు సందులోంచి నురగచెయ్యి ఒకటి తాళంచెవితో బయటికొచ్చింది. పరుగున వెళ్లి షట్టర్ ఎత్తి చూస్తే తెర మీద ఎర్ర అక్షరాలు లేవు. చెడిపోయిందని నెత్తి బాదుకుంటుంటే తడితలతో మస్తాన్ వచ్చాడు.

“ఎందుకు బాదుకుంటావు? నువ్వట్టా పోయినావు, నేనిట్టా అప్‌డేట్ చేసినాను.”

“ఎన్నింటికి?”

“పావు తక్కువ పదకొండుకి.”

నట్టనడి రాహుకాలం! ఫీజు కట్టాను, అదీ రాహుకాలంలోనే. కట్టినట్టు తెర మీద పడింది. హారిక ఫోన్లో “తాతా, సీటు ఖాయం!” అని అరిచింది.

“చూసినారా పరస్థానం మహిమ!” అని సరోజ పొంగిపోయింది. నేను మీసం దువ్వుకున్నాను. అయిదు సెకన్లు మిగిలుండగా నేనే అప్‌డేట్ చేసి కట్టానని ఇప్పటిదాకా అందరికీ చెప్పాను. నిజానికి పది నిమిషాలు మిగిలాయి. చేసింది మస్తాన్.

కనుక, ఇకమీదట బ్రౌజర్ అడిగిన రోజే అప్‌డేట్ చేస్తాననీ, దానికి పరస్థానం చేయననీ ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ ప్రతిజ్ఞ నిన్ననే చేయాల్సింది. మంగళవారమని ఆగాను.