మంచినీళ్లు ముట్టని రోజుల్లో నా గుండె వేగం

మా నాయన గుండెపోటుతో పోయాడు. ఆళ్లగడ్డలో ఉండే మా అక్కకు పోయినేడు గుండె ఆపరేషనయింది. ఇక మూడోదాన్ని నేనే అన్న భయంతో చేతికి ఫిట్‌నెస్ వాచీ కట్టుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

పొద్దున లేస్తూనే అది ఒక అంకె చూపిస్తుంది. ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ అంకె. చలికాలమంతా నాది అరవై నాలుగు దగ్గరే ఉండేది. మార్చిలో మెల్లగా ఎక్కడం మొదలైంది. డెబ్బై అయింది, డెబ్బై ఏడయింది. బడిలో పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని.

నేనుండే నంద్యాలలోనే ఒక డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఈసీజీ తీయించి, బాగానే ఉందన్నాడు.

"ఒక్కరోజు అంకె చూసి భయపడొద్దమ్మా. వారాల తరబడి ఎక్కుతోందంటే మాత్రం ఏదో మారి ఉంటుంది. జ్వరమా? నిద్ర తక్కువా? తిండి, నీళ్లు ఎట్లున్నాయి?"

"అన్నీ మామూలే సార్" అన్నాను.

ఏం మామూలు! ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో ఉన్నాను. సాయంత్రం ప్రార్థన దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. పండగ తర్వాత అక్కకు ఆసుపత్రిలో పరీక్షలున్నాయి, ఆమె గుండె నిలవాలని నా మొక్కుబడి. ఉపవాసం చాటుకుంటే దానికి విలువ ఉండదని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. దేవుడితో అనుకున్న మాట ఈ డాక్టరుకెందుకనుకున్నాను. ఆ ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గితే గుండె వేగం పెరుగుతుందని నాకు తట్టనే లేదు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. "నాక్కూడా గుండె జబ్బేనేమో అక్కా" అన్నాను.

"నీళ్లు తాగుతాండావా?" అంది.

మాట మార్చబోయాను.

"ఉపాసముండావు గదా! ఎవరి కోసరం?"

నీ పరీక్షలెప్పుడని అడిగాను. టక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఒంటిపూట బడి ముగించుకుని వచ్చేసరికి అక్క మా మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. ఎండలో తిరగొద్దని డాక్టర్లు చెప్పిన మనిషి, ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేసింది! ఒక చెయ్యి రొమ్ము మీద, ఇంకో చేతిలో మజ్జిగ సీసా.

"తాగు."

"ఇంకా ప్రార్థన కాలేదక్కా..."

"నా గుండె కోసరం నీ గుండె ఎండబెడ్తావా? నేనడిగినానా నిన్ను? తాగు మే. దేవునితో నేను మాట్లాడుకుంటాలే."

సీసా దించకుండా తాగాను. ఆ రోజు నుంచి నీళ్లు మానలేదు, వారం తిరిగేసరికి నా అంకె కిందికి దిగింది.

నాచేత మజ్జిగ తాగించిన ఆ మధ్యాహ్నమే అక్క నా మంచం మీద ఒరిగింది. నా వాచీ తీసి ఆమె చేతికి కట్టాను. నూట నాలుగు! మెట్లెక్కి వచ్చిన మనిషి అంకె లెక్కలోకి రాదని తెలుసు. అయినా నా పైప్రాణాలు పైనే పోయాయి. కదలకుండా పక్కనే కూర్చున్నాను. తొంభైకి దిగింది. ఎనభై ఒకటయింది. డెబ్బై రెండు దగ్గర నిలబడింది. ఇన్నాళ్లూ నేను నీళ్లు మాని అడిగింది అదే. ఏడుపు ఆపుకోలేకపోయాను.

నిద్రపోయిందనుకున్న అక్క కళ్లు తెరవకుండానే అంది: "తాగిందంతా ఏడ్చి పారబోస్తాండావా? పో, ఇంకో గ్లాసు తాగు."