ఎవరూ బేరమాడని సంత

తనను దించే కాగితాన్ని కలెక్టరు కొట్టేశాడన్న కబురు వచ్చేసరికి బిసాహిన్ పటేల్ పిక్కల దాకా బురదలో నిలబడి వంగమొక్కలకు మట్టి ఎగదోస్తోంది. కోసమ్‌డీహ్ నగర పంచాయతీకి అధ్యక్షురాలైనా, పొద్దున పూట కూరగాయల మడి వదిలేది కాదు. గురువారం సంతలో గంప ముందు కూర్చోవడమూ మానలేదు. ఎవరైనా అదేమిటంటే, "కుర్చీ ఐదేళ్ళది. గంప మా అత్త ఇచ్చింది" అనేది.

నీళ్ళ ట్యాంకరు నడిపే మన్‌హరణ్ తన సైకిలును గట్టు మీద పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ ఆమె దాయీయే, అమ్మే.

"దాయీ, బతికిపోయాం. కాగితం కొట్టేశాడు. గజానంద్ మొహం చూడాలి నువ్వు. మాడిన చీలా అట్టులా అయింది."

ఉపాధ్యక్షుడు గజానంద్ ఆమెను దించాలని వానలకు ముందు నుంచీ తిరుగుతున్నాడు. పదిహేను మంది వార్డు సభ్యుల్లో పన్నెండు మంది సంతకం పెట్టాలి. కలెక్టరు వాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి నిజమేనా అని అడుగుతాడు. అందరూ అవునంటే ఊరంతా మళ్ళీ ఓటు వేస్తుంది. ఉంచాలనుకున్నవాళ్ళు మనిషి కూర్చున్న కుర్చీ గుర్తుకు, దించాలనుకున్నవాళ్ళు ఖాళీ కుర్చీ గుర్తుకు. గజానంద్ అప్పుడే ఊళ్ళో గోడల మీద ఖాళీ కుర్చీలు గీయించేశాడు. సంతకాలు సరిగ్గా పన్నెండే దొరికాయి. ఒక్కటి జారినా అంతా బూడిదలో పోసిన పన్నీరే.

"జారిందెవరు?" అంది బిసాహిన్.

"ఇంకెవరు? నీ భోజలీ."

బిసాహిన్ చేతిలో పార ఆగిపోయింది. "ఏమన్నదిరా?"

"ఏమీ అనలేదు. అదే కదా తమాషా. 'ఎవరిని దించమంటున్నావు, పేరు చెప్పు' అన్నాడంట కలెక్టరు. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ అడిగాడు. చెమటలు పట్టాయి. మంచినీళ్ళు ఇప్పించాడు. తాగింది, తెరిచింది, మూసింది. ఆయనేమో ఎక్కడివాడో, మన పద్ధతులేం తెలుసు? ఒప్పుకోలేదని రాసి పారేశాడు."

బిసాహిన్ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆమె నవ్వితే పై పళ్ళ మధ్య సందు కనిపించేది. ఆ నవ్వు చూసినవాళ్ళకు ఇప్పటికీ గుర్తే.

దుకల్హిన్ దేవాంగన్ అని ఊరంతా పిలిచే ఆ వార్డు సభ్యురాలిని బిసాహిన్ చిన్నప్పటి నుంచీ పేరు పెట్టి పిలవలేదు. రాఖీ మర్నాడు చెరువులో భోజలీ మొలకలు కలిపి, మిగిలిన గోధుమ మొలకలు నాలుగు ఒకరి చెవి మీద ఒకరు దోపుకున్నారు, పావడాలు కట్టే వయసులో. ఆ రోజు నుంచి ఈమెకు ఆమె భోజలీ, ఆమెకు ఈమె భోజలీ. పేరు నోట రాకూడదు. వస్తే తెగిపోతుంది. ఒకరి ఇంట్లో చావైతే రెండో ఇంట్లోనూ మైలే. బిసాహిన్ మొగుణ్ణి పాము కరిచినప్పుడు గాజులు పగలగొట్టే వేళ పక్కన కూర్చున్నది భోజలీయే. అలాంటి మనిషి గజానంద్ కాగితం మీద సంతకం పెట్టిందని తెలిశాక ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు ఆ నోరే పెగల్లేదట. పైకి నన్ను దించాలనుకున్నా లోపల నా భోజలీయే అనుకుంది బిసాహిన్. పార గట్టున పెట్టి, కాళ్ళు కడుక్కుని ఆఫీసుకు బయలుదేరింది.

ఆఫీసు ముందు టపాకాయలు పేలుతున్నాయి. మెడలో బంతిపూల దండ వేశారు. మెట్ల మీద గజానంద్ ఎదురొచ్చి, వదిన వరసలో పలకరిస్తూ దండం పెట్టాడు.

"నువ్వే గెలిచావు భౌజీ. ఆఫీసర్లను పట్టుకోవడం మాకూ వచ్చు. మనిషి నోరు కట్టెయ్యడం మాత్రం అందరికీ వచ్చే విద్య కాదు. ఎక్కడ నేర్చుకున్నావు?"

నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వబోయారు. సగంలో ఆగిపోయారు. ఆ ఆగిపోవడం దగ్గరే బిసాహిన్ మెడలో దండ తీసి చేత్తో పట్టుకుంది.

లోపల మైకు పెట్టారు. పత్రిక కుర్రాడు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కొట్టేసిన కాగితం మీద అధ్యక్షురాలు ఏమంటుందో వినాలని అందరూ చెవులు అప్పగించారు. ఊరికి దండం పెట్టి, మిగిలిన పనులు పూర్తి చేస్తానని చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నేను ఎవరి నోరూ కట్టలేదు."

ఎవరూ అడగని దానికి జవాబు చెప్పింది. మన్‌హరణ్ గబగబా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు ఒంటరిగా మోగి ఆరిపోయాయి.

చేతబడి చేసే ఆడదాన్ని అక్కడ టోన్హీ అంటారు. అనేవారు. ఆ మాట అంటే జైలని చట్టం వచ్చాక నోళ్ళలోంచి పోయి కళ్ళలోకి చేరింది. బిసాహిన్ కాపురానికి వచ్చిన కొత్తలో పక్క పల్లెలో పరేమిన్ అనే ముసలామె ఉండేది. ఆమె చూసిన గేదె చూడి పోగొట్టుకుందన్నారు. ఒకరోజు ఊరంతా కలిసి ఆమె ఇంటికి వెళ్ళింది. అడగడానికి వచ్చిన పోలీసులతో, వెళ్ళామని ఒక్కరూ చెప్పలేదు. ఆ ఇంటి స్థలంలో ఈనాటికీ ఎవరూ ఇల్లు కట్టలేదు. బిసాహిన్ అటు వెళ్ళినప్పుడల్లా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

రెండు రోజులకు హరేలీ వచ్చింది. నాగళ్ళు కడిగి పూజ చేసే పండుగ అది. చెడు గాలి తిరిగే అమావాస్య కూడా అదే. ప్రతి గుమ్మానికీ వేపరెమ్మ గుచ్చుతారు. కమ్మరి ఇంటింటికీ వచ్చి గడపలో మేకు దిగ్గొడతాడు. ఏటా కమ్మరి బుధారూ మొదట బిసాహిన్ ఇంటికే వచ్చేవాడు. "దాయీ, నీ గడపలో ఉన్నంత ఇనుము నాగలిలో కూడా లేదు" అని బెల్లం చీలా తిని పోయేవాడు. ఈసారి రాలేదు. పక్కింట్లో సుత్తి చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అవతలి ఇంట్లో.

బిసాహిన్ గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "ఒరే బుధారూ, చీలా చల్లారిపోతోంది."

"కడుపు నిండిపోయింది దాయీ," అన్నాడతను. తలెత్తలేదు. సంచిలో మేకులు గలగలలాడుతూనే ఉన్నాయి.

ఆమె తిరిగి లోపలికి వచ్చింది. కోడలు ఖేమిన్ వీధి గుమ్మానికి రెమ్మ గుచ్చింది, అది ఎప్పుడూ ఉండేదే. కానీ లోపలి గదికి, పసిపిల్ల పడుకునే గదికి కూడా ఒక రెమ్మ గుచ్చి ఉంది. వీధిలోంచి వచ్చేదాన్ని ఆపడానికి వీధి గుమ్మం చాలు. ఈ రెమ్మ ఇంట్లో ఉన్నదాన్ని ఆపడానికి.

"ఇది ఇక్కడెందుకే?"

ఖేమిన్ పిల్లను ఇంకాస్త దగ్గరకు తీసుకుంది. "ఊరికే, దాయీ. రెమ్మ మిగిలిపోయింది. తీజా పండుగకు పుట్టింటికి ఈసారి ముందే వెళ్తాను. మా అన్నను రమ్మన్నాను."

బిసాహిన్ వెళ్ళి చల్లారిన చీలా మీద మూత పెట్టింది. తాను పుట్టినప్పుడు, ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, అమ్మ తనను మంత్రసానికి ఇచ్చి గుప్పెడు కోదో గింజలు పోసి మళ్ళీ కొనుక్కుంది. బిసాహిన్ అంటే కొనుక్కున్న పిల్ల అనే. చావును ఏమార్చడానికి పెట్టిన పేరు. ఆ పేరు పలకలేదనే ఇప్పుడు చావు గుమ్మం దాకా వచ్చినట్టుంది.

మర్నాడు పోలీసు స్టేషనుకు వెళ్ళింది. పెద్దాయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, "మేడమ్, ఆ మాట మిమ్మల్ని ఎవరన్నారు?" అని అడిగాడు.

"ఎవరూ అనలేదు."

"మరి నేనెవరి మీద రాసుకోను?"

గురువారం సంత. బిసాహిన్ ఎప్పటి చోటే గోనెపట్టా పరిచి వంకాయలు, మిరపకాయలు పోసింది. జనం రాలేదని కాదు, వచ్చారు. "ఎంత?" అన్నారు. చెప్పింది. డబ్బిచ్చి, తీసుకుని పోయారు. ఒక్కరూ పుచ్చు చూడలేదు. ఒక్కరూ కొసరు అడగలేదు. చాకలి వీధి గంగోత్రి, అర్ధరూపాయి కోసం అరగంట పోట్లాడే గంగోత్రి, చెప్పిన ధర చేతికి తగలకుండా గోనె మీద పెట్టి వెళ్ళిపోయింది. బిసాహిన్ కావాలనే ధర రెట్టింపు చెప్పి చూసింది. దానికీ బేరమాడలేదు. సంత విరిగాక ఇంటికి వెళ్తుంటే మురుగుకాలువలో వంకాయలు తేలుతూ కనిపించాయి. తన మడి వంకాయలు ఆమెకు తెలియవా, నీలం మీద తెల్లచార.

అటునుంచి అటే దేవాంగన్ల వీధికి నడిచింది. భోజలీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. తల తిప్పకుండానే అంది:

"రా, అధ్యక్షురాలమ్మా. కాళ్ళు కడుక్కో, కుళాయి తిప్పి. అయ్యో మరిచాను, మా వీధికి కుళాయి లేదు కదా."

"ఎగతాళి తర్వాత, భోజలీ."

"ఎగతాళి కాదు. ఓట్లప్పుడు ఇదే గడపలో కూర్చుని బాసీ చద్దన్నం తిన్నావు. మొదటి గొట్టం మీ వీధికే అన్నావు. బాసీ అరిగిపోయింది. గొట్టం రాలేదు."

"అందుకే సంతకం పెట్టావు."

"పెట్టాను. మళ్ళీ అడిగినా పెడతాను."

"మరి పేరెందుకు చెప్పలేదు?"

మగ్గం ఆగింది. "సంతకం చేతి పని. పేరు నోటి పని."

బిసాహిన్ గుంట అంచున కూలబడింది. కమ్మరి రాలేదని చెప్పింది. గదికి గుచ్చిన రెమ్మ సంగతి చెప్పింది. కాలువలో వంకాయలు చెప్పింది. "సంతలో నలుగురూ వినేలా నన్ను పేరు పెట్టి పిలువు. నీ నోరు నీ దగ్గరే ఉందని చూస్తారు. ఇంకేదీ నన్ను కాపాడదు."

"చెరువులో నిలబడి గంగమ్మ సాక్షిగా పెట్టుకున్నదాన్ని నా నోటితో తెంపమంటావా?"

"అది తెగకపోతే నేను తెగుతాను."

భోజలీ దారం వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత వీధి వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ గదిలో చెప్పాలనే వెళ్ళాను. బస్సులో దారంతా నీ పేరు మనసులో అనుకుంటూనే వెళ్ళాను. తీరా ఆయన ముందు నాలుక రాయైపోయింది. నాకే తెలియడం లేదు. నువ్వు నిజంగా ఏమీ చెయ్యలేదు కదా?"

బిసాహిన్ గుమ్మం వైపు చూసింది. అక్కడా వేపరెమ్మ ఉంది, ఇంకా ఆకు వాడలేదు. లేచి వచ్చేసింది.

ఆ వారం ఎలా గడిచిందో ఆమె తర్వాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. ఖేమిన్ పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కొడుకు నాగపూర్‌లో లారీ మీద ఉన్నాడు, ఫోను చేస్తే "అన్నీ నువ్వే ఊహించుకుంటావు దాయీ" అన్నాడు. సంతకం పెట్టిన ఒక సభ్యుడి మనవడికి జ్వరం తగిలింది. వానాకాలం జ్వరం, ఊళ్ళో సగం పిల్లలకు ఉన్నదే. అయినా ఆ ఒక్క జ్వరం గురించే మాట్లాడుకున్నారు. బిసాహిన్ నీళ్ళకు వెళ్తే బోరింగు దగ్గర దారి దానంతటదే ఖాళీ అయ్యేది.

మళ్ళీ గురువారం. వెళ్ళకపోతే ఒప్పుకున్నట్టే. గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. సంతలో ఆమె గోనెకు రెండు పక్కలా ఎవరూ దుకాణం పెట్టలేదు. సారా కొట్టు వైపు మగవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. జ్వరం పిల్లవాడి తాత వాళ్ళలో ఉన్నాడు. గజానంద్ కాస్త ఎడంగా కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. ఎవరూ అరవడం లేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. పరేమిన్ ఇంటి ముందు కూడా మొదట ఇలాగే నిలబడి ఉంటారు.

అప్పుడు చింతపండు అమ్మేవాళ్ళ వరుసలోంచి భోజలీ వచ్చింది. చంకలో ఖాళీ సంచి. వచ్చి గోనె ముందు నిలబడింది. సంత మొత్తం ఇటు తిరిగింది.

నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

బిసాహిన్ గోనె అంచు పట్టుకుంది. తానే అడిగింది ఇది. ఇక్కడ కూడా ఆ నోరు పెగలకపోతే ఇంకెవరికీ సాక్ష్యం అక్కర్లేదు. భోజలీ నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. సారా కొట్టు దగ్గర ఒకడు కర్ర చేతులు మార్చుకున్నాడు. భోజలీ చెయ్యి ఎందుకో చెవి మీదికి వెళ్ళింది, మొలకలు దోపిన చోటికి. అక్కడేదో ఉన్నట్టు తీసి కింద పారేసినట్టు చేసింది.

"బిసాహిన్," అంది.

గొంతు బొంగురుగా ఉంది. కానీ చివరి వరుస దాకా వినిపించింది.

"ఏం ధర ఇది, బిసాహిన్ పటేల్? వంకాయలమ్ముతున్నావా, బంగారమా? మా వీధికి కుళాయి ఇవ్వడం చేతకాదు గాని, ధర చెప్పడానికి మాత్రం నోరు లేస్తుంది. ఇదిగో, ఇది పుచ్చు. ఇదీ పుచ్చే. సగానికి ఇస్తే ఇవ్వు, లేకపోతే నీ వంకాయలు నీ గజానంద్‌కు వండిపెట్టు."

ఎవరో ఆడది కిసుక్కుమంది. గజానంద్ సబ్బు నురుగు ముఖంతో లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. చాకలి గంగోత్రి నాలుగడుగులు ముందుకు వేసి, ఒక వంకాయ తీసి ఎండకు పట్టి చూసింది. "నిజమే, పుచ్చే" అంది. "నాకూ సగం ధరకే ఇవ్వాలి మరి." సారా కొట్టు దగ్గర గుంపు పలచబడింది. ఎవరు ముందు కదిలారో ఎవరికీ తెలియదు.

బిసాహిన్ తక్కెడ అందుకుంది. వంకాయలు వేసింది. సిబ్బెలు ఆగడం లేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఎంత పట్టుకున్నా నిలవడం లేదు.

"తీసుకో, భోజలీ," అంది. తన వైపు నుంచి ఆ బంధం ఇంకా తెగలేదు.

భోజలీ సంచి చాచింది. కళ్ళు మాత్రం గోనె మీదే ఉన్నాయి.

"తూకం సరిగ్గా పట్టు, బిసాహిన్."

ఈసారి ఆ పేరు తేలిగ్గానే వచ్చింది.